మొగిలయ్యకు ఏ లోటూ లేదు

అమీర్‌పేటలో ఒక మనిషికి ఒంట్లో ఏ లోటూ లేదని తేలింది. ఆ మనిషి పేరు మొగిలయ్య, వయసు అరవై దాటింది. సంగతి బయటపడింది ఏ మారుమూలనో కాదు, కాలనీ పార్కులో, తెల్లారగానే, పదిమంది పెద్దమనుషుల సమక్షంలో. ఒకావిడ ముక్కున వేలేసుకుంది. ఒకాయన తన మాత్రల డబ్బా గబుక్కున మూసి జేబులో దాచుకున్నాడు. ఇలాంటివాడు ఇన్నాళ్లూ మన మధ్యే తిరిగాడా అని వాళ్లు నొచ్చుకున్నారంటే, ఆ తప్పు వాళ్లది కాదు.

ముందు కాలనీ గురించి చెప్పుకోవాలి. అమీర్‌పేట అంటే గోడకు గోడ ఆనుకున్న కోచింగ్ సెంటర్లు, వాటి మీద హాస్టళ్లు, సందుల్లోకి దూరితే అపార్ట్‌మెంట్లు. వాటి బాల్కనీల్లో ఒకప్పుడు గులాబీలు, చేమంతులు ఉండేవి. చూడ్డానికీ వాసనకూ తప్ప ఎందుకూ కొరగాని మొక్కలు. ఆ అజ్ఞానం పోయింది. ఇప్పుడు ఏ బాల్కనీ చూసినా తిప్పతీగ, నల్లేరు, రణపాల, కలబంద, వామాకు. ఎవరింట్లోనైనా పువ్వు పూసిందంటే, పాపం వీళ్లకింకా ఆరోగ్యం మీద శ్రద్ధ రాలేదని పక్కవాళ్లు జాలిపడతారు. తులసమ్మకు సైతం పని పెరిగింది. ముందు నాలుగాకులు తుంచుకుని నోట్లో వేసుకుని, ఆ తర్వాతే దణ్ణం పెడుతున్నారు.

ఈ చైతన్యానికంతటికీ మూలం పార్కులోని ప్రభాత ఆరోగ్య మిత్రమండలి. అధ్యక్షులు బుల్లబ్బాయి గారు. గోదావరి జిల్లా నుంచి వచ్చి బీమా కంపెనీలో పనిచేసి రిటైరయ్యారు. జనాన్ని చావంటే భయపెట్టి పాలసీలు అంటగట్టిన ఆ అనుభవమంతా ఆరోగ్య రంగంలో అక్కరకొచ్చింది. మండలి సభ్యులు పొద్దున్నే పార్కు చుట్టూ తిరుగుతారు. అది పేరుకే. అసలు కార్యక్రమం బెంచీల మీద మొదలవుతుంది. ఎవరికి ఏది తక్కువ, ఎంత తక్కువ, దానికి ఏం మింగుతున్నారు అన్నదే చర్చ. ఏడాదిలో ముప్పావు వంతు ఎండ మాడ్చేసే ఊళ్లో, ఎండ వల్ల వచ్చే విటమిన్ ఒక్కరికీ చాలడంలేదు. నేరేడు చెట్టు నీడలోకి బెంచీలు జరుపుకుని కూర్చుని ఆ విషయమే బాధగా మాట్లాడుకుంటారు.

కూర్చోవడానికీ ఒక పద్ధతుంది. డి విటమిన్ ఒక్కటే తక్కువైనవాళ్లు చివరి బెంచీ. బి-ట్వెల్వ్ కూడా తక్కువైతే నడిమి బెంచీ. మూడూ, ఆపైన తక్కువున్న మహానుభావులకు నేరేడు చెట్టు మొదట్లో, కంచె మొక్కల పక్కన ఉన్న మొదటి బెంచీ. కంచె మొక్కలు అక్కడ ఎందుకో ఎండిపోతున్నాయి. మందు కొట్టించమని బుల్లబ్బాయి గారు పార్కు తోటమాలిని చాలాసార్లు గదమాయించారు కూడా.

అన్నిటికన్నా చివర తీర్థం. మొదట్లో ఎవరి కషాయం వాళ్లు తెచ్చుకునేవారు. మాది ముందు తాగండంటే మాది ముందు తాగండని పేచీలొచ్చేవి. రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ ఛాయాదేవి గారు దీనికి చక్కటి ఉపాయం కనిపెట్టారు. అందరి కషాయాలూ ఒకే రాగి చెంబులో పోయించి, ఉద్ధరిణెతో కుడిచేతిలో మూడుసార్లు పోయడం మొదలెట్టారు. తీర్థం ఇచ్చేటప్పుడు చదివే శ్లోకంలో వ్యాధులన్న చోట డెఫిషియన్సీలని కూడా చేర్చి చదివేవారు. దాంతో గొడవలన్నీ సద్దుమణిగాయి. చేయి చాపాక తీర్థం వద్దనడం మన సంప్రదాయంలో లేదు. ఇందులో ఏం కలిపారని అడగడం అసలే లేదు. పుచ్చుకున్నాక ఒకసారి తమ చుట్టూ తాము తిరిగి, చెట్టు వైపు దణ్ణం పెట్టుకుని, తడిచేయి నెత్తికి రాసుకోవాలి.

ఇక మొగిలయ్య సంగతి. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగమున్నన్నాళ్లూ పొద్దున్నుంచి రాత్రి దాకా జనంతో మాటలే. తిట్టినవాళ్లున్నారు, నవ్వించినవాళ్లున్నారు, బిడ్డ లగ్గానికి పిలిచినవాళ్లూ ఉన్నారు. రిటైరైన మర్నాటి నుంచి ఆయనతో మాట్లాడే దిక్కు లేకుండా పోయింది. భార్య స్వరాజ్యం హాస్టళ్ల సందులో కర్రీ పాయింట్ నడుపుతుంది. ఆమెకు తల గోక్కునే తీరిక లేదు. పోనీ అని కర్రీ పాయింట్‌లో కూర్చుంటే, హాస్టల్ పిల్లలు చెవుల్లో ఏవో పెట్టుకుని వచ్చి, వేలితో పప్పు చూపించి, తీసుకుని పోయేవారు. మొగిలయ్య ఊరికే మెట్రో ఎక్కి, తలుపులకు దూరంగా నిలబడండని ప్రకటన వినిపిస్తే "అట్లనే అమ్మా" అని దానికే జవాబు చెప్పి, పక్క స్టేషన్లో దిగి వచ్చేవాడు. అలాంటి మనిషికి, పార్కులో పదిమంది ఒకేసారి మాట్లాడుకుంటూ కనబడ్డారు. ఆ బెంచీల మీద ఇంత చోటు దొరికితే చాలనుకున్నాడు. ఇంతకు మించి ఆయన జీవితంలో కోరుకున్నది ఏమీ లేదు.

వెళ్లి నిలబడ్డాడు. బుల్లబ్బాయి గారు సాదరంగా ఆహ్వానించారు.

"రండి రండి. ఇంతకీ తమరికి ఏం తక్కువండీ?"

"నాకేం తక్కువ లేదు సార్. మంచిగనే ఉన్న."

పదిమందీ ఆయన్ని జాలిగా చూశారు. కాలనీలోనే సాఫ్ట్‌వేర్ పాఠాలు చెప్పే కేదార్, మండలిలో అందరికన్నా చిన్నవాడు, ప్రొటీన్ పొడిలో అందరికన్నా పెద్దవాడు, ధైర్యం చెప్పాడు.

"టెస్టులు చేయించుకుని ఉండరు అంకుల్. చేయించుకుంటే ఏదో ఒకటి తప్పకుండా ఉంటుంది. కంగారు పడకండి."

ఆ ఆశతోనే మొగిలయ్య పంజాగుట్ట ఫ్లైఓవర్ పక్కనున్న ఒక ల్యాబుకు పోయి, తల వెంట్రుక నుంచి కాలిగోరు దాకా చూసే ప్యాకేజీ తీసుకున్నాడు. సాయంత్రం కౌంటర్లో ఉన్న సుష్మిత అనే అమ్మాయి రిపోర్టు పట్టుకుని దిగాలు మొహంతో బయటికొచ్చింది.

"సారీ సర్. అన్నీ నార్మలే వచ్చినయి."

"అన్నీనా? జర మంచిగ చూడు బిడ్డా. చిన్నదన్న ఏదో ఒకటి ఉండదా?"

"రెండుసార్లు చెక్ చేసినం సర్. కొలెస్ట్రాల్ సుత ఏం లేదు. ఫికర్ చేయకుండ్రి, మూడు నెలలైనంక మళ్ల రండ్రి. అప్పటికి ఏదన్న రావచ్చు."

ఆ రిపోర్టు పార్కులో చదివినప్పుడే, మొదట చెప్పిన సంచలనం జరిగింది. బుల్లబ్బాయి గారు లేచి గొంతు సవరించుకున్నారు.

"మిత్రులారా! మొగిలయ్య గారి మీద మనకు ఏ విధమైన ద్వేషమూ లేదండీ. ఆయన అలా ఉండటం ఆయన చేసుకున్నది కాదు. కానీ లోటున్నవాడి బాధ లోటు లేనివాడికి ఎలా తెలుస్తుందండీ? రేపు మనం మన బి-ట్వెల్వ్ గురించి మనసు విప్పి మాట్లాడుకుంటుంటే, ఈయన నిక్షేపంగా మన మధ్య కూర్చుని వింటుంటే, మనకెంత ఇబ్బంది? పార్కు అందరిదీనండీ, ఆయన హాయిగా నడవచ్చు. బెంచీ మాత్రం మండలిది."

అందరూ చప్పట్లు కొట్టారు. అలవాటు కొద్దీ మొగిలయ్య కూడా కొట్టాడు. ఇంటికి వస్తుంటే దారిలో ఆయనకు ఏడుపొచ్చింది. ఉద్యోగమంతా బస్సులో నిలబడే చేసిన మనిషికి, కూర్చోవడానికి చోటు లేదన్నందుకు కన్నీళ్లు రావడం అదే మొదటిసారి.

"దునియంత బీమారి రావద్దని ఎల్లమ్మకు మొక్కుతది. నువ్వేందయ్యా, రాలేదని ఏడుస్తవ్?" అంది స్వరాజ్యం, పెద్ద గంటెతో సాంబారు కలుపుతూ.

"నీకేం ఎరుక? ఆడ ఛాయాదేవి మేడంకు నాలుగు తక్కువున్నయ్. ఎంత ఇజ్జత్ జేస్తరో ఒకసారొచ్చి చూడు."

"నీకు బుద్ధొక్కటే తక్కువుంది. గదే చెప్పు పోయి, కూసోబెడ్తరు."

మొగిలయ్య పట్టు వదల్లేదు. డి విటమిన్ తగ్గాలంటే ఎండ తగలకూడదు కదా అని, అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా మెట్రో పట్టాల కింద నీడపట్టున రోజూ నడిచి పోయి వచ్చాడు. స్వరాజ్యం వండిన తోటకూర పప్పు పక్కకు నెట్టి, బయట దొరికిందల్లా తిన్నాడు. మూడు నెలల తర్వాత మళ్లీ ల్యాబుకు వెళ్తే, ఆ నడకకు గుండె, షుగరు, బరువు అన్నీ ఇంకా మెరుగయ్యాయని తేలింది. సుష్మిత ఆయన మొహంలోకి చూడలేకపోయింది.

నిజాయితీగా బతికితే ఈ లోకంలో పైకి రాలేమని మొగిలయ్యకు అప్పుడు అర్థమైంది. మర్నాడు పార్కుకు పోయి, చేతులు కట్టుకుని నిలబడి, "సార్, నాకు డి-త్రీ తక్కువొచ్చింది" అన్నాడు.

"ఎంతండీ?" అన్నారు బుల్లబ్బాయి గారు, బెంచీ అంచుకు జరిగి.

మొగిలయ్యకు నోటికొచ్చే అంకెలు ఒక్కటే రకం. తాను చివరగా డ్యూటీ చేసిన బస్సు నంబరు చెప్పేశాడు.

"ఎనిమిది సార్."

"ఎనిమిదా! అయ్యో అయ్యో, ఇన్నాళ్లూ నిలబెట్టి మాట్లాడామే మిమ్మల్ని! జరగండి, జరగండి, ఆయన్ని కూర్చోనివ్వండి."

ఆ రోజు మొగిలయ్య చివరి బెంచీ మీద కూర్చున్నాడు. తీర్థం పుచ్చుకున్నాడు. కళ్లు మూసుకుని, చుక్క కింద పడకుండా, మూడుసార్లూ భక్తితో మింగాడు. చేదుకు ప్రాణం పోయినంత పనైంది. ఆపైన అందరూ ఆయన చుట్టూ చేరి ఎప్పట్నుంచి, ఎలా ఉంటుంది, కాళ్లు లాగుతాయా అని ఒకటే ప్రశ్నలు. మాటల మధ్య, బస్సులో మేకపిల్లకు టికెట్ కొట్టిన కథ చెబితే పదిమందీ పడీ పడీ నవ్వారు. మొగిలయ్యకు ఆనందం పట్టలేదు. ఇంటికొచ్చి స్వరాజ్యానికి ఆ నవ్వులన్నీ విడివిడిగా, ఎవరు ఎట్లా నవ్విందీ చేసి చూపించాడు.

ఇక ఆగుతాడా? వారం తిరగకుండా బి-ట్వెల్వ్ కోసం కోఠీ బస్సు నంబరు చెప్పి నడిమి బెంచీకి వచ్చాడు. ఐరన్ కింద సికింద్రాబాద్ బస్సు పోయింది, మొదటి బెంచీలో మాత్రం చోటు ఖాళీ లేదు. సభ్యులు తమ దగ్గరున్నవన్నీ ప్రేమగా ఇచ్చారు. ఒకరు పసుపు మాత్రలు, ఒకరు మునగాకు పొడి, ఒకరు చేపనూనె గోళీలు. కేదార్ అశ్వగంధ డబ్బా ఇచ్చి, ఇది నరాలకు అంకుల్ అన్నాడు. మీ నరాలు బాగున్నాయా అని మాత్రం అడగలేదు. ఎవరు ఏది ఇచ్చినా మొగిలయ్య కాదనలేదు. ఇచ్చినవాళ్లు మర్నాడు మింగారా అని అడుగుతారు. అడిగినప్పుడు లేదంటే మనసు నొచ్చుకుంటారు. ముప్పూటలా మింగి, పొద్దున్నే తీర్థం తాగి, మాటలతో కడుపు నింపుకుని ఇంటికి వచ్చేవాడు. అన్నానికి కడుపులో చోటుండేది కాదు.

వానాకాలం వచ్చేసరికి ఆయన ఒంట్లో మార్పు కనబడింది. ఆకలి చచ్చింది, ఒళ్లంతా దురద, కళ్లు పచ్చబడ్డాయి. మండలి ఎంతో సంతోషించింది. ముఖంలో బంగారు ఛాయ వచ్చిందని, పసుపు మాత్రలు ఇంత తొందరగా పనిచేయడం తామెక్కడా చూడలేదని ఛాయాదేవి గారు మెచ్చుకున్నారు. స్వరాజ్యం మాత్రం చదువుకోని మనిషి కాబట్టి, ఆ ఛాయను చూసి గంటె అక్కడే పడేసింది.

"కండ్లు పసుపుకొమ్ములెక్క అయినయ్! లే, నడువ్ దవఖానకు!"

పంజాగుట్టలో ఒక పెద్దాసుపత్రి. డాక్టరమ్మ చిన్నపిల్ల. ఏమేం వాడుతున్నారని అడిగింది. మొగిలయ్య సంచీ బోర్లించాడు. బల్ల చాలక కొన్ని డబ్బాలు కింద దొర్లాయి. ఆ అమ్మాయి వంగి వాటిని ఒక్కొక్కటే ఏరింది.

"ఇవేనా, ఇంకేమైనా తాగుతున్నారా?"

"తీర్థం."

"అందులో ఏముంటుంది?"

"గట్ల అడగొద్దు డాక్టరమ్మా. తీర్థం."

రక్తం తీశారు. రిపోర్టు వచ్చింది. లివర్‌కు సంబంధించిన అంకెలన్నీ ఆకాశంలో ఉన్నాయి. తక్కినవన్నీ, అంటే డి-త్రీ, బి-ట్వెల్వ్, ఐరన్, ఎప్పట్లాగే శుభ్రంగా ఉన్నాయి.

"మీకసలు ఏ లోపమూ లేదండీ. దేని మోతాదెంతో, దేంతో ఏది కలిపారో తెలియకుండా ఇన్ని కలిపి వేసుకుంటే లివర్ తట్టుకోలేకపోయింది. అదృష్టం బాగుండి తొందరగా వచ్చారు. అన్నీ ఆపేయండి. ఆ తీర్థం ఒక్క చుక్క కూడా ముట్టొద్దు. ఇంట్లో వండింది తినండి, మళ్లీ పరీక్షలకు రండి."

స్వరాజ్యం అక్కడే దేవుడికి చేతులెత్తి మొక్కింది. మొగిలయ్యకు మాత్రం నెత్తిన పిడుగు పడ్డట్టయింది. తీర్థం మానేస్తే బెంచీ పోతుంది. తాగితే లివర్ పోతుంది. రెండిట్లో దేన్ని ఉంచుకోవాలో అప్పటికప్పుడు తేల్చుకోలేకపోయాడు, మరి లివర్ ఎప్పుడూ ఆయనతో మాట్లాడలేదు కదా!

కొన్నాళ్లు ఇంట్లోనే ఉన్నాడు. చారన్నం, బీరకాయ కూర. కళ్లు మెల్లగా తెల్లబడ్డాయి. మనిషి మాత్రం వాడిపోయాడు. మళ్లీ మెట్రో ప్రకటనలతో మాట్లాడటం మొదలైంది. ఆ సంగతి తెలిసి స్వరాజ్యం పొయ్యి ఆపి వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

"పోయి నిజం చెప్పు. రానిస్తే రానిస్తరు, లేకుంటే లేదు. జర వాళ్లకన్న తెలివొస్తది. వాళ్ల కడుపులల్ల సుత గదే పోస్తుండ్రు గదా."

ఆ మాట మొగిలయ్యకు నచ్చింది. తనకు బెంచీ పోయినా పరవాలేదు, పదిమంది లివర్లు దక్కుతాయి. డాక్టరమ్మ ఇచ్చిన రిపోర్టు పట్టుకుని పార్కుకు పోయి, కూర్చోకుండా, గుండె దిటవు చేసుకుని మొదలెట్టాడు.

"సార్లూ, మేడం. నేను అబద్ధం చెప్పిన. నాకు ఏం తక్కువ లేకుండె. మీ నడుమ కూసోవాలని బస్సు నంబర్లు చెప్పిన. మీరిచ్చినవన్ని మింగి నా లివర్ ఖరాబైంది. డాక్టరమ్మ చెప్పింది. మీరు సుత జర చూయించుకోండ్రి."

బుల్లబ్బాయి గారు రిపోర్టు అందుకుని కళ్లజోడు పెట్టుకున్నారు.

"ఎస్‌జీపీటీ మూడంకెల్లో ఉందండీ" అన్నారు, లేచి నిలబడి. "మిత్రులారా! ఇన్నేళ్లుగా మనం ఉత్త విటమిన్ల దగ్గరే ఆగిపోయాం. ఎవరండీ, మనలో లివర్ దాకా వెళ్లింది ఎవరు? నిన్నగాక మొన్న వచ్చిన మొగిలయ్య గారు వెళ్లారండీ!"

"అంకుల్, ఏ బ్రాండ్ వల్ల వచ్చిందో చెప్పారా?" అన్నాడు కేదార్.

"జర ఆగుండ్రి సార్. నేను చెప్పేది, గవన్ని తాగవట్టే లివర్ పాడైందని!"

"అదేనండీ మేమూ అంటున్నది. అంటే పనిచేస్తున్నాయన్నమాట!" అన్నారు బుల్లబ్బాయి గారు. "పనిచెయ్యని వస్తువు లివర్ని ఏం చెయ్యగలదండీ?"

ఈ వాదనకు వైద్యశాస్త్రంలో ఇంతవరకూ జవాబు లేదు. మర్నాడు ఆయనకు శాలువా కప్పి, మొదటి బెంచీ మీద అధ్యక్షుల వారి పక్కన కూర్చోబెట్టారు. లివర్‌కు నేల ఉసిరి మంచిదని ఆ రోజు పదిమందీ నేల ఉసిరి కషాయమే తెచ్చారు. చెంబు అంచుల దాకా నిండింది. ఛాయాదేవి గారు శ్లోకం చదువుతూ మొట్టమొదట ఆయన ముందుకే వచ్చారు.

మొగిలయ్యకు డాక్టరమ్మ గుర్తొచ్చింది. స్వరాజ్యం గుర్తొచ్చింది. ఎదురుగా పదిమంది ఆయన్నే చూస్తున్నారు, ఒక్కొక్కరి మొహంలో ఎంత ప్రేమ! కుడిచేయి చాపాడు. పెదవుల దాకా తెచ్చాడు. తాగలేకపోయాడు, పారబోయలేకపోయాడు. ఏం చేయాలో తోచక గుప్పిట మూసుకుని, పద్ధతి ప్రకారం తన చుట్టూ తాను తిరుగుతూ, చెట్టు వైపు దణ్ణం పెట్టే నెపంతో వంగి, ఎండిపోయిన కంచె మొక్కల మొదట్లో మెల్లగా చేయి తెరిచాడు.

ఆయన చేతి పక్కనే ఇంకో చేయి తెరుచుకుని ఉంది. అది బుల్లబ్బాయి గారిది. దాని పక్కన మరొకటి, గాజుల చేయి. కంచె మొక్కల కింద నేల అప్పుడే పోసినట్టు తడితడిగా ఉంది. అక్కడి నల్లటి చార ఈనాటిది కాదు, మండలి పుట్టినప్పటి నుంచీ ఉన్నట్టుంది.

ముగ్గురి కళ్లూ కలుసుకున్నాయి.

"సూర్యనారాయణమూర్తికి అర్ఘ్యమండీ" అన్నారు బుల్లబ్బాయి గారు, ఇంకెవరికీ వినబడనంత మెల్లగా.

"అట్లనే సార్" అన్నాడు మొగిలయ్య.

ఇంత చదువుకున్న మండలిలో, ఇచ్చింది ఇచ్చినట్టు మింగినవాడు తానొక్కడేనని ఆయనకు తెలిసింది. కోపం రావలసిందే. రాలేదు. నవ్వొచ్చింది. ఇన్నాళ్లకు తాను నిజంగా సభ్యుడైనందుకు కడుపు నిండినంత హాయిగా అనిపించింది. తడిచేయి నెత్తికి రాసుకుని, బెంచీ మీద తన చోట్లో తాను కూర్చున్నాడు. ఇప్పుడాయన లివర్ బాగుంది, బెంచీ బాగుంది. కంచె మొక్కలే పోయాయి. వాటికి ఎండ తక్కువై డి విటమిన్ లోపించిందని మండలి తీర్మానించింది.

మొన్న శ్రీనగర్ కాలనీ నుంచి ఒకాయన కొత్తగా వచ్చి, బెంచీల ముందు నిలబడి, తనకేమీ లేదని, బాగానే ఉన్నానని చెప్పాడు. మొగిలయ్య ఆయన్ని ఎగాదిగా చూసి, జాలిగా తల పంకించి, "టెస్టులు చేయించుకోనట్టున్నరు సార్. చేయించుకోండ్రి. ఏదో ఒకటి ఉంటది, ఫికర్ చేయకుండ్రి" అని ధైర్యం చెప్పాడు.

ఈ కథ విని మీకు నవ్వొస్తోంది, తెలుసు. నవ్వండి, ఆరోగ్యానికి మంచిది. అదలా ఉంచి, పొద్దున్నే పరగడుపున ఏదో తాగుతున్నారని విన్నాం. నిజంగానే తాగుతున్నారా? పోనీ, ఇంతకీ మీ డి-త్రీ ఎంత?